పొడి కోత

మా ఆయన చొక్కా జేబులో చీమలు కనబడిన నాడు మొదలైంది నా భయం.

ఎండలు ముదిరిన రోజులు. తాండూరులో ఆ ఎండకు ఈ చేత్తో ఆరేసిన గుడ్డ ఆ చేత్తో తీసుకోవచ్చు. పెరట్లో ఉతకడానికి కూర్చుని పరశురాం చొక్కా తిరగేశాను. జేబు కుట్టు వెంబడి ఎర్రచీమలు బారులు కట్టి ఉన్నాయి. వేలు పెట్టి చూస్తే బెల్లం.

బెల్లమే కదా అంటారు మీరు. బండలు కోసేవాడి పెళ్ళాన్ని అడగండి, చెబుతుంది. మా దగ్గర బెల్లం తీపికి తినేది కాదు, మందుకు తినేది. పగలంతా దుమ్ము మింగినవాడు సాయంత్రం ఇంత గడ్డ బుగ్గన పెట్టుకుంటే లోపలి దుమ్మంతా కడుక్కుపోతుందని మావాళ్ళ నమ్మకం. ఒట్టి అబద్ధం. బెల్లం పొట్టలోకి పోతుంది, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండూ ఒకదాని మొహం ఒకటి చూడవు. మా బావ చెన్నయ్య, అంటే మా ఆయనకు సొంత అన్న, బతికినన్నాళ్ళూ బెల్లం తిన్నాడు. ఆఖరుకు నడుం వాలిస్తే ఊపిరి అందక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. టీబీ అన్నారు, టీబీ మందులిచ్చారు. అది టీబీ కాదు, బండ దుమ్ము.

బావ పోయాకే నేను బండ కార్మికుల సంఘంలోకి వచ్చాను. నాకు పెద్ద చదువేం లేదు. వినడం, అడగడం, ఎండలో కూర్చోవడం వచ్చు, అంతే. పాలిష్ యూనిట్ల గేట్ల ముందు కూర్చున్నాం. పొడి కోత వద్దు, నీళ్ళు లేనిది బ్లేడు తిరగొద్దు అన్నాం. మిషన్ల మీద నీళ్ళ పైపులు పెట్టేదాకా లేవలేదు. నీళ్ళు పడితే దుమ్ము లేవదు, బురదై కిందికి జారుతుంది. అప్పటి నుంచి పరశురాం బట్టలకు బురదే అంటేది. మా ఇంట్లో బెల్లం పండక్కి తప్ప కనబడేది కాదు.

ఆ చొక్కాకు మాత్రం బురద లేదు. ఒకసారి దులిపాను. జొన్నపిండి లాంటి తెల్లటి పొడి లేచింది. నేను గబుక్కున చొక్కాను బకెట్‌లో ముంచి, రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చున్నాను. వదిలితే పైకి లేచి ఇల్లంతా తిరుగుతుందేమో అన్నట్టు. ఎంతసేపు అట్లా కూర్చున్నానో తెలియదు.

మా అత్త హన్మమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది.

"అత్తా, ఇంట్లకు బెల్లం ఎవరు తెస్తున్నరు?"

"ఏం బెల్లం?"

"నీ కొడుకు జేబుల బెల్లం."

చేట ఆడుతూనే ఉంది. "తింటే తిన్నడు. బెల్లం తిన్నందుకు గూడ ధర్నా జేస్తవా?"

"పొడి కోత కోస్తుండా?"

చేట ఆగింది. మా అత్త నా మొహం చూడలేదు. చేటలో రాళ్ళు ఏరుతున్నట్టు వేలితో కెలికింది. "నాకు జెప్పొద్దన్నడు యాదమ్మా. నేనేం జేద్దు? దుమ్ములకెళ్ళి వచ్చిన పోరనికి ఇంత బెల్లం పెట్టకుంట ఎట్లుంట? పెద్దోనికి గూడ నేనే పెట్టిన."

"ఎక్కడ కోస్తుండు?"

"నీ బిడ్డ సైటులనే."

నా బిడ్డ స్నేహలత ఇళ్ళ లోపలి అలంకరణ నేర్చుకుంది. గోడకు ఏ రంగు, కిటికీకి ఏ తెర, ఏ మూలన ఏ కుర్చీ, ఇదంతా ఇప్పుడొక చదువు. హైదరాబాద్‌లో కోర్సు చేసి ప్రవీణ్ అనే డిజైనర్ దగ్గర చేరింది. అనంతగిరి గుట్టల కింద ఒక రిటైరైన సారు కట్టుకుంటున్న ఇల్లు దానికి ఒంటిగా అప్పజెప్పిన మొదటి సైటు. వికారాబాద్‌లో గది తీసుకుని అక్కడే ఉంటోంది. బండలు పరిచే పనికి ఎవరు మేస్త్రీ అంటే మా నాయిన అన్నదట. ఆ మాటకు పరశురాం ఊరంతా తిరిగి ఛాయ్ తాగించాడు. రోజూ పొద్దున రైలెక్కి పోతాడు, పొద్దుగూకే వేళకు వస్తాడు.

నేను అదే రోజు అడగాల్సింది. అడగలేదు. గూండాలను పెట్టి బెదిరించిన యూనిట్ యజమాని ముందు కూడా నాకు నోరు పడిపోలేదు. ఇప్పుడు అన్నం వడ్డిస్తూ మొగుడి మొహం చూసి నోరు పెగలలేదు. అడిగితే కోస్తున్నా అంటాడు. అన్నాక నేను చెయ్యాల్సింది ఒకటే, వెళ్ళి పని ఆపడం. ఆపితే బిడ్డ నౌకరి పోతుంది. ఆపకపోతే మనిషి పోతాడు. ఇంత చిన్న లెక్క నాకు తేలలేదు. కూరలో గరిటె ఆపి అతను దగ్గుతాడేమో అని వినేదాన్ని. దగ్గితే భయం. దగ్గకపోతే ఆపుకుంటున్నాడేమో అని ఇంకా భయం.

ఆదివారం స్నేహలత ఇంటికి వచ్చింది. రాగానే ఫోన్ తీసి నా మొహం ముందు పెట్టింది.

"చూడమ్మా. ట్రాపికల్ కలోనియల్ అంటరు దీన్ని."

"మనిషి భాషల చెప్పు."

"వెనకట తెల్లోళ్ళు ఇక్కడి ఎండలకు తట్టుకునేటట్టు బంగ్లాలు కట్టుకున్నరు గద. గా తరీకల కడుతున్నం."

"మరి పంఖా తాడు గుంజెటోన్ని గూడ పెడుతున్నరా?"

"అమ్మా, మొదలువెట్టకు."

పరశురాం నవ్వాడు. నవ్వు నవ్వుగా మొదలై దగ్గుగా మారింది. చెంబు తీసుకుని పెరట్లోకి పోయాడు. పొడి దగ్గు, గొంతులో ఇసుక కదిలినట్టు. ఫోన్ మీద స్నేహలత బొటనవేలు ఆగిపోయింది. కళ్ళు మాత్రం ఫోన్ మీదే ఉన్నాయి.

దానికి తెలుసు. ఆ వేలు చూసి నాకు అర్థమైంది.

"బండ లోపల కోయిస్తున్నవా?" అన్నాను.

"లైబ్రరీ ఒక్కటేనమ్మా. ఇంటి సారు ముందుగాల చెక్క ఫ్లోరన్నడు. అరలన్ని బిగిచ్చినంక, పుస్తకాలు గూడ వచ్చినంక, పాత బంగ్లా ఫోటో ఒకటి చూసి నల్లబండ పసుపుబండ గళ్ళు గావాలన్నడు. అరల కాళ్ళ సుట్టూత ముక్క ముక్క కొలిచి కోయాలె. నీళ్ళు గొడితే చెక్క ఉబ్బుతది."

"బయట కోసుకొచ్చి పెట్టొచ్చు గద."

"బయట లాన్ ఏసిండ్రు. చాపల లెక్క చుట్టి తెచ్చిన గడ్డి. బండ బురద పడితే చచ్చిపోతది."

"గడ్డి చచ్చిపోతది," అన్నాను.

స్నేహలత తలెత్తింది. "మాస్కులు ఇచ్చిన. మంచియి తెప్పిచ్చిన. ఇంక కొంచెమే ఉంది పని. నువ్వు గిప్పుడు సంఘం తీసుకొని వస్తే ప్రవీణ్ సారు నన్ను ఇంకో సైటుకు రానియ్యడు. జర సమజ్ చేసుకో."

పరశురాం మూతి తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. "బిడ్డను అనకు. నేనే ఒప్పుకున్న. నేను గాదంటే ప్రవీణ్ సారు ఇంకో మేస్త్రీని పెడ్తనన్నడు. నా బిడ్డ మొదటి సైటుల వేరేటోడు బండేస్తే నేనెందుకు మేస్త్రీని?"

"నీ అన్న ఎట్ల పోయిండో యాదికున్నదా?"

"ఉన్నది. అన్న ఏండ్లకేండ్లు కోసిండు. నేను గింత గది కోస్తున్న." నన్ను సముదాయిస్తున్నట్టు అన్నాడు. "రోజు బెల్లం తింటనే ఉన్న గద."

నా మీటింగులన్నింటికీ వచ్చిన మనిషి. ముందు వరుసలో కూర్చుని, పిడికిలెత్తి, బెల్లంతో దుమ్ము పోదని నాతోపాటు నినాదమిచ్చిన మనిషి. నా మీద ప్రేమతో ఇచ్చాడు. లోపల ఎక్కడో తల్లి పెట్టిన బెల్లాన్నే నమ్ముకుని ఉన్నాడు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. మా అత్త తలుపు పక్కన నిలబడి వింటోంది. ఆమె చేతిలో ఏదో పొట్లం ఉంది. అడగలేదు.

మర్నాడు అతను పోయిన తర్వాతి రైలుకు నేనూ వికారాబాద్ పోయాను. ఎవరికీ చెప్పలేదు. సంఘంలో కూడా చెప్పలేదు. రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే తాండూరు దాటేదాకా పట్టాల పక్కన తెల్లటి బురద కుప్పలు, బండ వ్యర్థాలు. అన్నేళ్ళూ వాటిని చూసి కోపమొచ్చేది. ఆ రోజు వాటిని చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. వికారాబాద్‌లో షేర్ ఆటో ఎక్కాను. గుట్ట కింద దిగి అడుగుతూ పోయాను.

ఇల్లు బాగుంది. అబద్ధం చెప్పను. తెల్లని గోడలు, పొడుగాటి వరండా, కిటికీలకు పచ్చరంగు చెక్క రెక్కల తలుపులు. రెక్కలు దించితే ఎండ రాదు, గాలి వస్తుంది. పేము కుర్చీలు, కాళ్ళు చాపుకోవడానికి చేతులు ముందుకు పొడుచుకొచ్చిన పడక కుర్చీ. దోమతెర కట్టిన పందిరి మంచం. తాటాకుల్లాంటి రెక్కలున్న ఫ్యాను. మేము పొలం గట్ల మీద కొట్టిపారేసే ఈతచెట్టుకు చుట్టమేదో ఇత్తడి కుండీలో కూర్చుంది. వీటన్నిటినీ నా బిడ్డ ఎంచింది, ఒక్కోదాన్నీ దాని చోట పెట్టింది. నా కూలి ఇంట్లో పుట్టిన పిల్లకు ఈ కన్ను ఎక్కడిదో అని ఒక్క క్షణం గర్వమైంది. ఆ వెంటనే మిషన్ చప్పుడు వినబడింది.

నీళ్ళతో తిరిగే బ్లేడు చప్పుడు వేరు, నీళ్ళు లేని బ్లేడు చప్పుడు వేరు. నీళ్ళుంటే గుర్రుమంటుంది. లేకపోతే కీచుమని అరుస్తుంది.

హాల్లో తెరలు సర్దిస్తున్న కుర్రమొహం మనిషి ఒకడు నన్ను చూశాడు. "ఎవరమ్మా? చెప్పులు బయట విడవండి."

"పరశురాం భార్యను."

"ఓ, స్నేహలత మదరా. నేను ప్రవీణ్. కూర్చోండి అక్కా, లంచ్‌కు వస్తాడు. ఇప్పుడు ఆ డోర్ తెరవొద్దు, డస్ట్ హాల్లోకి వస్తుంది."

తలుపు కింద సందులో తడి గోనెసంచి దోపి ఉంది. తలుపు అంచుల చుట్టూ టేపు అంటించి ఉంది. దుమ్ము బయటికి రాకుండా. కుర్చీల మీద పడకుండా, తెల్లతెరల మీద పడకుండా.

నేను టేపు పీకి తలుపు తోశాను.

మొదట ఏమీ కనబడలేదు. పొగమంచులో పెట్టినట్టు ఒక బల్బు. చప్పుడు తప్ప మనిషి లేడు. కళ్ళు అలవాటు పడ్డాక గోడల వెంట పైదాకా అరలు కనిపించాయి. అరల నిండా పుస్తకాలు. పుస్తకాలన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు తొడిగి, కొసలు మడిచి, పిన్నులు కొట్టి ఉన్నాయి. కింద ఒక తెల్లని ఆకారం వంగి కూర్చుని ఉంది. వెంట్రుకలు తెల్లవి, కనురెప్పలు తెల్లవి. మాస్కు మెడలో వేలాడుతోంది. ఆ మూసిన గది ఉక్కకు అది పెట్టుకుని ఎవడు పనిచేయగలడు.

చెన్నయ్య బావ అనుకున్నాను. నిజంగా అట్లే అనుకున్నాను.

అరవడానికి నోరు తెరిచాను. ఎన్నో గేట్ల ముందు పలికిన గొంతు. రాలేదు. దుమ్ము నోట్లోకి వచ్చింది తప్ప మాట బయటికి పోలేదు. ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాను. పరశురాం నన్ను చూసి మిషన్ ఆపాడు. కళ్ళతో బతిమాలుతూ అన్నాడు. "గొంతు లేపకే. బిడ్డ పైన్నే ఉంది."

స్నేహలత మెట్లు దిగి వస్తోంది. చేతిలో కొలత టేపు. "తలుపెవరు తీసిండ్రు..." అంటూ వచ్చి నన్ను చూసి ఆగింది. నా భుజం మీదుగా లోపలికి చూసింది.

తర్వాత చెప్పింది నాతో. మిషన్ తిరుగుతుండగా ఆ తలుపు తెరవొద్దని అందరికీ ఆర్డరేసింది తనే కాబట్టి, తనూ ఎన్నడూ తెరవలేదట. పని ఆపి, ఊడ్చి, తండ్రి మొహం కడుక్కుని మాస్కు సర్దుకున్నాకే లోపలికి పోయి కొలతలు చూసేదట.

స్నేహలత నన్ను పక్కకు జరిపి లోపలికి పోయింది. గోడ దగ్గరికి పోయి ప్లగ్గు పీకింది. కోయని బండ ఒకటి గోడకు ఆనించి ఉంటే దాని అంచు కింద చేతులు పెట్టింది.

"నాయినా, గా కొస పట్టు."

"ఎక్కడికి బిడ్డా?"

"పట్టు జర."

ఇద్దరూ బండ మోసుకుని హాల్లోంచి, పేము కుర్చీల మధ్యలోంచి, వరండా దాటి పోయారు. తెల్లని అడుగులు పడుతూ పోయాయి. లాన్ నడిమధ్య, పచ్చని గడ్డి మీద బండను దించారు. స్నేహలత చేతులు దులుపుకోలేదు.

"అమ్మా, మొక్కలకు కొట్టే పైపు తే."

ప్రవీణ్ వరండాలోకి వచ్చాడు. "స్నేహలతా, ఏం చేస్తున్నావ్? లాన్ ఖరాబైతది."

"అయితది సార్," అంది.

నేను పైపు తెచ్చి ఇచ్చాను. తొందరలో నీళ్ళు సగం నా చీర మీదే పడ్డాయి.

మిగిలిన గదంతా అట్లే పూర్తిచేశారు. లోపల కొలవడం, బయట తడిపి కోయడం, కడిగి, తుడిచి, లోపలికి మోయడం. నేనూ మోశాను. గడ్డి మీద బురద పేరుకుని, ఎండి, సున్నం కొట్టినట్టు తెల్లగా అయింది. ఇంటి యజమాని వచ్చి చూశాడట. ఏమైంది అని అడిగితే స్నేహలత ఉన్నదున్నట్టు చెప్పిందట. పెద్దాయన అట్లే కానివ్వమని వెళ్ళిపోయాడట. ప్రవీణ్ మాత్రం ఇంకో సైటుకు పిలవలేదు. దానికి అది ఏడ్చిందో లేదో నాకు తెలియదు. నా ముందు ఏడవలేదు.

ఇంట్లో మాత్రం ఎవ్వరం మునుపటిలా లేము. మా అత్త బెల్లం డబ్బా తీసుకెళ్ళి పక్కింటివాళ్ళకు ఇచ్చేసింది. స్నేహలత తండ్రితో ఒకటే మాట, ఆస్పత్రికి పోదాం నాయినా, ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీయిద్దాం. అతను ఒకటే మాట, వానలు పడనియ్యి, గీ ఎండల ఎక్కడ తిరుగుతం. అన్న కథ ఆస్పత్రి మెట్ల దగ్గరే మొదలైందని అతని భయం. మెట్లెక్కకపోతే కథ మొదలు కాదని అతని తెలివి. నేను బలవంతం చేయలేదు. చెప్పాను కదా, నాకూ భయమే. ఊరందరికీ ధైర్యం చెప్పే యాదక్కను, మొగుడి ఛాతీకి ఒక ఫోటో తీయించడానికి కాళ్ళు రాలేదు. తెలియనంత వరకు లేనట్టే అని నేను కూడా అనుకున్నాను. దగ్గు తగ్గింది. తగ్గిందని అందరం ఒకరికొకరం చెప్పుకున్నాం.

మృగశిర కార్తె వచ్చి వానలు పడ్డాయి. గృహప్రవేశానికి రమ్మని పెద్దాయన స్వయంగా ఫోన్ చేశాడు. మేస్త్రీగారు కుటుంబంతో రావాలి అన్నాడు. మేస్త్రీగారు అనే మాటకు పరశురాం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

అతను, నేను, స్నేహలత ముగ్గురం పోయాం. గుట్టంతా పచ్చబడింది. వానకు బురద కొట్టుకుపోయి లాన్‌లో గడ్డి మళ్ళీ లేచింది, ముందుకంటే దట్టంగా. బండ దించిన చోటు ఏదో వెతికినా కనబడలేదు.

పెద్దాయన పరశురాం చేయి పట్టుకుని లైబ్రరీలోకి తీసుకుపోయాడు. గదిలో ఇప్పుడు కిటికీ రెక్కలన్నీ తెరిచి ఉన్నాయి. నలుపూ పసుపూ గళ్ళు అద్దంలా ఉన్నాయి. అతుకు ఎక్కడో కనబడదు. పరశురాం చెప్పులు విడిచి ఆ గళ్ళ మీద నడిచాడు. అరల కాళ్ళ దగ్గర వంగి, అంచుల మీద వేలు పోనిచ్చి లేచాడు. పుస్తకాల కవర్లు తీసేశారు. తోలు అట్టలు, బంగారు అక్షరాలు. పై అరలు అందుకోవడానికి కొత్తగా చెక్క నిచ్చెన ఒకటి వచ్చింది, ఇత్తడి కమ్మీకి తగిలించి. అటూ ఇటూ జరుగుతుంది.

పెద్దాయన చేతిలో ఒక లావుపాటి పుస్తకం ఉంది. "ఇది మా నాన్నది. అన్నిటికంటే పైన పెట్టాలి. నాకు నిచ్చెన ఎక్కడం భయం," అని నవ్వాడు.

"ఇటియ్యండి సార్," అన్నాడు పరశురాం. "నేను పెడ్త."

ఎన్నో ఇళ్ళ కప్పుల మీదికి బండలు మోస్తూ నిచ్చెనలెక్కిన మనిషి. పుస్తకం చంకలో పెట్టుకుని గబగబా ఎక్కాడు. సగం దాకా అదే జోరు. సగంలో ఆగాడు. ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, రెండో చేయి అర మీద ఆనించి, మొహం పుస్తకాల వైపు తిప్పుకున్నాడు. వెనక నుంచి ఇస్త్రీ చొక్కా కనిపిస్తోంది. చొక్కా కింద భుజాలు లేస్తున్నాయి, పడుతున్నాయి, లేస్తున్నాయి.

పెద్దాయనకు అర్థం కాలేదు. "ఏమైంది మేస్త్రీగారూ?"

"ఏం లేదు సార్." కాసేపటికి గానీ తర్వాతి మాట రాలేదు. "పుస్తకాల పేర్లు... చదువుతున్న."

అవన్నీ ఇంగ్లీషు పుస్తకాలు. పరశురాంకు ఇంగ్లీషులో ఒక్క అక్షరం రాదు.

పెద్దాయన మొహం వికసించింది. "మీ నాన్నకు పుస్తకాలంటే ఇష్టమా అమ్మా?"

స్నేహలత నా వైపు చూసింది. నేను దాని వైపు చూశాను. అది మెల్లగా పోయి నిచ్చెన కింది మెట్టును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"మస్తు ఇష్టం సార్," అంది. "జరసేపు చదువుకోనియ్యండి."